ఇంకో తిప్పు

మధ్యాహ్నం. ఇనుప కొట్టు మీది గది. మంచం మీద వ్యాపారి, గుమ్మంలో అతని భార్య.

“...నా చేతిలో మొదట్నుంచీ ఉన్నవి రెండే. ఈ కొట్టూ, నువ్వూ. మూడోది లేదు.”

“మూడో మనిషి లేకపోతే, వానలు మొదలైనప్పట్నుంచీ ఇక్కడెందుకు పడుకుంటున్నట్టు?”

“సరుకుకి కాపలా.”

“ఇనప చువ్వల్ని ఎవరెత్తుకుపోతారండీ? మా అన్నయ్య కింద బండిలో కూర్చున్నాడు. ఆవిడెవరో చెప్పండి, వెళ్ళిపోతాను. గొడవ చెయ్యను.”

“ఎవరూ లేరంటుంటే.”

“మరి దిండు కింద దాస్తున్నదేంటి? ఇలా ఇవ్వండి. కడ్డీలు, రబ్బరు పట్టీ, మరలు... ఏ యంత్రంలోదిది?”

“అక్కడ పెట్టు. నాదే. డాక్టరు ఇచ్చాడు.”

“దేనికి?”

“నాకు... వంకర వచ్చింది.”

“ఎక్కడ?”

“మొగాడు చెప్పుకోలేని చోట. లోపల గడ్డలా గట్టిపడింది. అక్కణ్ణించి పక్కకి వంగిపోయింది. నొప్పి. నీ పక్కకి రావాలంటే సిగ్గు.”

“నాతో చెప్పడానికేం?”

“ఏమని చెప్పను? వంగిన చువ్వ తిన్నగా చేయించుకోడానికి బజారంతా నా దగ్గరికే వస్తుంది.”

“నవ్వించకండి. ఏడుపొస్తోంది. ఆపరేషన్ చెయ్యాలన్నాడా?”

“అక్కర్లేదన్నాడు. రోజూ కాసేపు ఇది తగిలించుకుంటే మెల్లగా లాగుతుందట. నెలలు పడుతుంది, నొప్పెడితే తీసెయ్యమన్నాడు.”

“తీసేశారా?”

“నొప్పెడుతోందంటే పని జరుగుతోందనుకున్నా. నొప్పి పుట్టినప్పుడల్లా మర ఇంకో తిప్పు తిప్పా. తియ్యకుండానే నిద్రపోయా.”

“అది ఒళ్ళండీ. ఇనుము కాదు.”

“ఇవాళ పొద్దున డాక్టరూ అదే అన్నాడు. నెలల పని తొందరగా తెమిల్చేస్తే, నీకు అనుమానం రాకముందే ఇంట్లో ఉంటాననుకున్నా.”

“సరే, అయిందేదో అయింది. అన్నయ్యని వెళ్ళిపొమ్మంటాను. లేవండి, ఇంటికి పదండి. వంకర పోకపోతే పోకపోయింది. నాకు మీరుంటే చాలు.”

“వంకర పోయింది.”

“పోయిందా? మరింకేం?”

“స్పర్శా పోయింది. మళ్ళీ రాదన్నాడు. ఇక నువ్వు చెయ్యి వేసినా నాకు తెలీదు.”