కారని ఇల్లు

ఎడతెగని వాన. పెంకుల కప్పులు బాగుచేసే మేస్త్రి ఇంటి గుమ్మంలో అతని భార్య. మెట్ల మీద గొడుగు పట్టుకుని షావుకారు. వసారాలో వంతు కోసం ఒదిగి నిలబడ్డ జనం.

“మేస్త్రి ఎప్పుడొస్తాడు చెల్లెమ్మా?”

“వాన పడితే చెల్లెమ్మనైపోయానన్నమాట.”

“అది కాదు...”

“మబ్బు పట్టగానే మాకు చుట్టాలు పెరుగుతారు షావుకారుగారూ. వేసవంతా ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం. నిచ్చెనకి సాలెగూళ్లు. ఇప్పుడు చూడండి, అన్నం తినే తీరిక లేదు ఆయనకి.”

“మా కప్పు ధార కట్టి కారుతోందమ్మా.”

“కారుతుంది. ఆయన అప్పుడే చెప్పాడుగా.”

“చెప్పాడు, చెప్పాడు. కనీసం ఓ టార్పాలిన్ కప్పిస్తే...”

“ఉన్నవన్నీ జనం పట్టుకుపోయారు. ఉన్నా ఏం లాభం? తడి పెంకు మీద కాలు జారితే మనిషి దక్కడు. మీ కప్పు పని ఎండలో చేయాల్సింది. అందుకే పని లేని రోజుల్లో, పిలవకపోయినా వచ్చి ఎక్కి చూశాడు.”

“నేను మాత్రం కాదన్నానా?”

“ఏమన్నారో చెప్పనా? పగిలిన పెంకులు ఏరి మీ అరుగు మీద పేర్చాడు. ఇంటాయనకి కళ్లారా చూపించడం మా పద్ధతి. మీరు ఆ కుప్ప చూసి...”

“ఇప్పుడవన్నీ ఎందుకు తల్లీ?”

“‘పని లేక నువ్వే పగలగొట్టావురా దొంగా’ అన్నారు. వీధి చివరిదాకా వినపడింది.”

“కోపంలో నోరు జారాను.”

“మీరు జారారు, మేం పడ్డాం. ఆ తర్వాత మీ వీధిలో ఒక్క గడప మమ్మల్ని పిలవలేదు. ఈయన మెత్తని మనిషి, మర్చిపోదాం అన్నాడు. నేను మెత్తనిదాన్ని కాదు.”

“నన్ను తిట్టు, పడతాను. అమ్మాయి చంటిపిల్లతో ఉంది. ఉయ్యాల మీదే కారుతోంది. పొద్దున్నుంచీ మేస్త్రీల కోసం ఊరంతా తిరుగుతున్నా, ఒక్కడూ ఖాళీగా లేడు. నా మొహం చూడకు, ఆ పసిదాని మొహం చూడు.”

“ముచ్చటైన పిల్ల. సరే, పెంకులు ఎవరు పగలగొట్టారు?”

“వాన మరీ ఎక్కువైంది...”

“వాన సంగతి కాదు. పెంకుల సంగతి.”

“ట్యాంకువాళ్లు.”

“ఏంటీ?”

“వెనక మేడ మీదికి నీళ్ల ట్యాంకు ఎక్కించినవాళ్లు తొక్కేశారు.”

“మీకెప్పుడు తెలిసింది?”

“ఆ... ఆ సాయంత్రమే.”

“తెలిసి?”

“అరిచేశాక ఇంకేం చెప్తాను? పరువు...”

“గట్టిగా చెప్పండి.”

“వీళ్లంతా వింటున్నారమ్మా.”

“మీ వీధివాళ్లేగా, ఆ రోజూ విన్నారు. వీధిలో అరిచిన మాట నా చెవిలో వెనక్కి తీసుకుంటారా?”

“నన్ను ఇలా నలుగురిలో...”

“వద్దంటే వెళ్లండి. గొడుగు ఉందిగా.”

“మేస్త్రి పగలగొట్టలేదు! ట్యాంకువాళ్లే! నాకు ఆ సాయంత్రమే తెలుసు! చాలా?”

“నాకు చాలు. లోపల చాలిందో లేదో అడగాలి.”

“లోపలా? మేస్త్రి ఇంట్లోనే ఉన్నాడా?”

“ఆయన కాదు, మీ అమ్మాయి. పొద్దున మీరు ఇల్లు కదలగానే, పిల్లని కొంగులో చుట్టుకుని మీ వీధి నడిమధ్యలోంచి నడిచొచ్చింది. ఎక్కడికమ్మా అని అడిగినవాళ్లందరికీ చెప్పుకుంటూ వచ్చిందట, ‘దొంగ ఇంటికి, అక్కడైతే కారదు’ అని.”