మనిషి లేని వేడి

నీళ్ళు పడలేదు బాబూ. ఎన్నిసార్లు చెప్పాలి? టీ ఒలకలేదు, కింద పడలేదు, ఈ ల్యాప్‌టాప్ మీద ఎవరూ కూర్చోలేదు. మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపుల షాపతనూ ఇవే అడిగాడు. లేదు లేదు అంటుంటే మూతైనా తెరవకుండా, "దీని పనైపోయింది పెద్దమ్మగారూ, కొత్తది చూపించమంటారా" అన్నాడు. ఊపిరుందో లేదో ముక్కు దగ్గర వేలైనా పెట్టి చూడాలి కదా?

నువ్వు నయం. విప్పావు.

ఇక్కడ కూర్చోనా? ఈ పుల్లలాంటిది... ముట్టుకోకూడదా? కాలుతోందా? నాకు తెలీలేదు. నా వేళ్ళ కొసలు ఎప్పుడో పోయాయిలే. ఆస్పత్రి లాండ్రీలో ఇస్త్రీ చేసేదాన్ని. దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల కోట్లు. పొయ్యి మీద గిన్నె ఉత్త చేత్తో దించేస్తాను. అది చూసి మా మనవరాలు చిన్నప్పుడు, మా అమ్మమ్మకి మంత్రాలొచ్చని బడిలో చెప్పిందట.

ఏం చేస్తుంటే ఆగిపోయిందీ అంటావా? అదే చెప్తున్నాను. కాస్త వెనకనించి రావాలి. నీ పని నువ్వు చేసుకో, చెవులిస్తే చాలు.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. కుడికన్ను మసకబారిందని, ఇక స్టీరింగు ముట్టుకోవద్దని కంపెనీ డాక్టరు తేల్చేశాక ఇంట్లో కూర్చున్నారు. కూర్చున్నారన్న మాటే గానీ కుడికాలు ఊరుకునేది కాదు. వీధిలో ఎవరైనా గట్టిగా హారన్ కొడితే బ్రేకు. గాలికి తలుపు దడేలుమంటే బ్రేకు. "గచ్చు అరిగిపోతోందండీ" అనేదాన్ని.

అప్పుడు మా మనవరాలు కొత్తది కొనుక్కుని ఈ పాతది తాతకిచ్చింది. ఇందులో బస్సు నడిపే ఆట ఒకటి వేసిపెట్టింది. ఆట అంటే ఆయనకి కోపం. "ఆట కాదే, డ్యూటీ" అనేవారు. అందులో రోడ్డు మనమే గీసుకోవచ్చట. తన పాత రూటంతా గీసుకున్నారు. ఏ మలుపులో ఏ దుకాణం, ఏ స్తంభం ఎటు ఒరిగింది, అన్నీ. ఆస్పత్రి వెనక గేటు దగ్గర స్టాపులో ఒక ఆడమనిషి బొమ్మ నిలబెట్టారు, చేతిలో సంచితో.

"ఎవరండీ అది?" అన్నాను.

"ప్యాసింజరు" అన్నారు.

నేను రోజూ ఎక్కిన స్టాపే బాబూ అది. ఆ బస్సులోనే మాకు మాటలు కలిశాయి. సరేలే, ఆ సంగతి నీకెందుకు.

అయితే రోడ్డు నత్తిగా వచ్చేది. మలుపు తిరుగుతూ తిరుగుతూ ఆగి, గుటక మింగి, మళ్ళీ కదిలేది. ఇళ్ళూ జనం ఎక్కువున్నచోట మరీ. సరిగ్గా ఆస్పత్రి గేటు దగ్గరికొచ్చేసరికి కొయ్యబారిపోయేది. మనవరాలిని అడిగితే, "బొమ్మలు గీసే కార్డు చిన్నది తాతయ్యా, దాని శక్తి అంతే" అంది.

"శక్తి ఉంది. తొక్కనివ్వడం లేదు" అన్నారాయన.

బస్సు ఇంజనుకి గవర్నర్ అని ఒకటి బిగిస్తారట. డ్రైవరు ఎంత తొక్కినా అది ఒక వేగం దాటనివ్వదు. దానికి సీసంతో సీలు. సర్వీసంతా ఆ సీలు జోలికి పోని మనిషి. అలాంటిది ముసలితనంలో, ముక్కూమొహం తెలియని వాళ్ళు ఇంటర్నెట్లో రాసినవి భూతద్దం పెట్టుకుని చదివి చదివి, "చూశావా, దీనికీ గవర్నర్ పెట్టాడు కంపెనీవాడు" అన్నారు. అదిగో, ఆ గోరంత చిప్పు. అందులో రాసుంటుందట, కార్డు ఇంతకు మించి పరిగెత్తకూడదని. ఆ రాత బయటికి తీసి, మార్చి, మళ్ళీ ఎక్కిస్తే కార్డుకి పగ్గాలు వదిలినట్టేనట.

తలరాత మార్చడం బ్రహ్మ వల్ల కూడా కాదంటారు కదండీ అన్నాను. "బ్రహ్మ దగ్గర ఈ కేబుల్ లేదు" అన్నారు.

నవ్వకు. నువ్వు చేసేదీ అదే కదా.

తొందరపడే మనిషి కాదు ఆయన. కొంచెం పెంచేవారు, ఒక ట్రిప్పు నడిపేవారు, ఫ్యాను చప్పుడు వినేవారు. దీని వీపు మీద చెయ్యి పెట్టి చూసేవారు, జ్వరం చూసినట్టు. బాగుంటే మళ్ళీ కొంచెం. ప్రతిసారీ చిప్పులో రాత మొత్తం మళ్ళీ ఎక్కించాలి.

అక్కడొచ్చింది నా సంగతి. ఇది వెలగ్గానే మొట్టమొదట కంపెనీ గుర్తు కనిపిస్తుంది చూడు, అదీ ఆ చిప్పులోదేనట. "రాత ఎలాగూ మారుస్తున్నాను, నీకోసం ఏదైనా పెట్టనా?" అన్నారు. నాకేం తెలుసు? అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. మర్నాడు ఆన్ చేస్తే తెరంతా ఒకటే 'అ'. దిండంత 'అ'. దాన్ని చూస్తూ అలాగే నిలబడిపోయాను. లాండ్రీలో ప్రతి దుప్పటి మూలనా వార్డు గుర్తులుండేవి. అవి ఏళ్ళ తరబడి నా చేతి కింద నించే పోయాయి. ఇది మాత్రం నాకోసం వచ్చిన అక్షరం.

అలా మొదలైంది. ఆయన ఒక మెట్టు పెంచినప్పుడల్లా నాకో అక్షరం. తర్వాత మాటలు. 'బస్సు'. 'గంట'. 'దుప్పటి'. ఒకరోజు 'ఇస్త్రీ' పెట్టారు. జన్మంతా చేసిన పని, రాసి చూపిస్తే పోల్చుకోలేకపోయాను. ఒకదాని కింద ఒకటి మడతపెట్టి సర్దినట్టున్నాయి ఆ ఒత్తులు. కార్డు వేగం పెరిగేకొద్దీ నాకు చదువు పెరిగింది బాబూ. ఇప్పుడు బస్సుల మీద బోర్డులు చదువుతాను. నీ షాపు బోర్డూ నేనే చదువుకుని వచ్చాను. 'రిపేర్లు'లో ఒత్తు రాలిపోయింది, చూసుకో.

ఆ రోడ్డుకి నత్తి కూడా పోయింది. ఒకనాడు సాయంత్రం ఆస్పత్రి గేటు దగ్గర బస్సు మెత్తగా, పాలమీగడలాగ వచ్చి ఆగింది. తలుపు తెరిచి, తెరవైపే చూస్తూ, "ఎక్కు" అన్నారు. వంటింట్లోంచి, "ఎక్కాను, పోనివ్వండి" అన్నాను.

బ్యాటరీయా? వేడికి ఉబ్బిపోతే తీసి పారేశారు. గోడ కరెంటు మీదే నడిచేది. అవును, గోడ మీద స్విచ్ ఆపితే ఠక్కున పోతుంది. అదే మరి.

ఆ రోజు పొద్దున టీ తాగుతూ అన్నారు, "ఈసారి మాట కాదే, వాక్యం. చదవగలవా?"

"ముందు రానివ్వండి" అన్నాను. పైకి అలా అన్నాను గానీ లోపల పరీక్షకి పోయే పిల్లలాగే ఉంది.

ఎక్కించడం మొదలుపెట్టారు. అంతలో కింద ఎవరిదో కారు గేటులో ఇరుక్కుందని పిలిచారు. అలాంటి పిలుపొస్తే ఆయన ఆగరు. "రానీ, రానీ... చాల్, చాల్" అని కిందనించి ఆ గొంతు వినిపిస్తూనే ఉంది. నేను ఆరిన తువ్వాళ్ళు మడతపెడుతున్నాను.

ఉన్నట్టుండి దీని ఫ్యాను ఏడుపు అందుకుంది. అంత చప్పుడు ఎప్పుడూ వినలేదు. తెర నల్లగా ఉంది. ఏవో తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు, నాకు రానివి. చెయ్యి పెట్టి చూశాను. కాలింది. నా వేళ్ళకి బాబూ. దేనికీ కాలని వేళ్ళకి కాలింది.

మా లాండ్రీలో ఒక కట్టుబాటు ఉండేది. పక్కన మనిషి లేకుండా వేడి వస్తువు కనిపిస్తే, అది ఎవరిదైనా సరే, అడగక్కర్లేదు, ముందు స్విచ్ ఆపెయ్యాలి. తర్వాతే కేకెయ్యాలి. గుడ్డల మధ్య పని కదా. అది చెయ్యడానికి బుర్ర కూడా అక్కర్లేదు, చెయ్యే లేస్తుంది. అంతకు ముందూ ఆయన డ్యూటీ మధ్యలో టీకని లేస్తే నేను ఆపేసిన రోజులున్నాయి. వచ్చి చూసి, "నా ప్యాసింజర్లని నడిరోడ్డు మీద దించేశావా" అని నవ్వేవారు.

ఆపేశాను.

ఇల్లంతా నిశ్శబ్దం. నిజం చెప్పనా, మంచి పని చేశాననే అనుకున్నాను. తర్వాత మళ్ళీ వేశాను. వెలగలేదు. ఆపి, వేశాను. వెలగలేదు.

ఆయన పైకొచ్చారు. దీనివైపు చూశారు. గోడవైపు చూశారు. నా చేతిలో తువ్వాలుంది, దానివైపు చూశారు.

"దానంతటదే పోయిందండీ" అన్నాను.

గుమ్మంలోనే నిలబడి, "నేనే అత్యాశకి పోయానే. కాల్చేశాను" అన్నారు. మూత మూసేశారు. అంతే.

అప్పుడే చెప్పేస్తే పోయేది కదా? మనిషి తన నెత్తిన వేసుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నాకే తెలీదు. ఆ మర్నాడు చెబుదామనుకున్నాను. ఆ మర్నాడూ అనుకున్నాను. ఆ తర్వాత అనుకోవడం కూడా మానేశాను. ఏడుపు రాదు, దిగులూ రాదు. వేళ్ళకి పట్టిన మొద్దు నోటిదాకా పాకినట్టుంది.

ఆయన అదే కుర్చీలో కూర్చుంటారు. పెట్టింది తింటారు. అడిగితే ఊఁ అంటారు. మొన్న వీధిలో లారీ ఒకటి చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టింది. నేను ఆయన కాలు వంక చూశాను. కదల్లేదు.

అందుకే తెచ్చాను దీన్ని. తువ్వాల్లో చుట్టి, సంచిలో పెట్టుకుని, మోకాళ్ళు చూపించుకొస్తానన్నాను. సరేనన్నారు. గుమ్మం దాటుతుంటే వెనకనించి, "చార్జరు కూడా పట్టుకెళ్ళు" అన్నారు. మొహం తిప్పలేదు. నేనూ తిప్పలేదు. వెనక్కొచ్చి చార్జరు తీసుకున్నాను.

ఏంటి, దొరికిందా? ఆ పటకారుతో చిప్పుని కరిపించి ఇంతసేపూ చూసింది దాన్నేనా? కాలిపోలేదూ? రాత సగంలో తెగిపోయిందంతేనా? మళ్ళీ రాయొచ్చా?

సరే. సరే బాబూ.

ఏది ఎక్కించాలంటే నాకేం తెలుసు? కంపెనీది ఒకటి ఉందా. ఆయన ఇందులో దాచుకున్నవి ఇన్నా. వేగం పెంచినవన్నీ వరసగా పెట్టుకున్నారు చూడు, డిపోలో బస్సుల్లాగ. ఆ చివరిది... అదే ఆరోజు ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఆగిపోయింది. అందులో మొదట వెలిగే బొమ్మ కనిపిస్తుందా? నీ తెర ఇటు తిప్పు. నువ్వు చదవకు. నేను చదువుకుంటాను.

వే... డె... క్కి... నా. వేడెక్కినా. భ... యం... లే... దు.

స్వి... ఇదేం ఒత్తు... స్విచ్. స్విచ్ మా... త్రం... ఆ... ప... కు.

వేడెక్కినా భయం లేదు. స్విచ్ మాత్రం ఆపకు.

...

నీళ్ళొద్దులే. బాగానే ఉన్నాను.

అంటే ఆయనకి తెలుసు. నా చెయ్యి స్విచ్ మీదికే పోతుందని ముందే తెలిసి రాశారిది. గుమ్మంలో నిలబడి గోడవైపు చూసినప్పుడే తెలుసు. తెలిసే, "నేనే కాల్చేశాను" అన్నారు. నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. పెద్ద దుప్పటి మడతపెట్టేటప్పుడు ఇద్దరం చెరో కొసా పట్టుకుంటాం చూడు. ఎవరో ఒకరు ముందుకు నడవాలి, అప్పుడే మడత పడుతుంది. మేమిద్దరం ఇన్నాళ్ళూ కొసలు పట్టుకుని ఎక్కడి వాళ్ళక్కడే నిలబడ్డాం.

కంపెనీది వేస్తే భద్రమంటావు. అవుననుకో. రోడ్డుకి మళ్ళీ నత్తి వస్తుంది. వేడి ఉండదు. నేను భయపడక్కర్లేదు.

వద్దు. ఈ చివరిదే వెయ్యి. ఆయన ఆన్ చేస్తారు, పక్కన నేను నిలబడతాను. ఇది వెలుగుతుంది, పైకి చదువుతాను. ఆ తర్వాత ఆయన ఏమంటారో నాకు తెలీదు. ఏమీ అనకపోతే మాత్రం ఏముంది, కొత్తగా పోయేదేం లేదు.

ఎంతసేపైనా పట్టనీ, కూర్చుంటాను. మధ్యలో నువ్వు టీకని లేస్తావేమో. ముందు నా స్టూలు కాస్త అవతలికి జరుపు బాబూ. ఆ స్విచ్ బోర్డు నా చేతికి అందుతోంది.