ఎనిమిది సెంట్ల బేరం

2006 వేసవి. మొగల్తూరు శివారులో, ఎండుచేపలు అమ్ముకునే పెద్దింట్లమ్మ పాక ముందు. భీమవరంలో సగం ప్లాట్లు అమ్మిన కుటుంబానికి పెద్ద దిక్కు దేవకుమారి. ఆవిడ కారు దిగి నులక మంచం మీద కూర్చుని అప్పటికే అరగంట దాటింది.

“అది కాదు పెద్దింట్లమ్మా, ముందు ఆ చాట పక్కన పెట్టి నా మాట విను.”

“వింటన్నానండి. చెవుల్తో మీ మాట వింటన్నాను, చేతుల్తో కాకుల్ని తోల్తన్నాను. కాస్త ఏమరితే ఈ నెత్తళ్ళ చేపలన్నీ ఎత్తుకుపోతాయండి.”

“సెంటుకి లక్ష అంటున్నాను. నీకున్నది ఎనిమిది సెంట్లు. ఈ చుట్టుపక్కల ఎవడైనా అంత పెట్టాడా?”

“లేదండి. అందుకే భయమేస్తందండి.”

“భయమెందుకే?”

“మొన్న మీ ఆఫీసు నుంచి టై బాబొకాయన వచ్చి అరవై వేలన్నాడు. నిన్న ఎనభై అన్నాడు. ఇయ్యాళ మీరే దిగిపోయారు. రేపెవరొస్తారోనని చూస్తన్నానండి.”

“టై కట్టుకునొచ్చాడా? ఇక్కడికి?”

“ఆయ్. ఈగలు ముసిరితే కార్లో కూర్చుని, అద్దం సందులోంచి మాట్లాడాడండి.”

“నవ్వించకు. నేను బేరానికొచ్చాను.”

“మీరు బేరానికి కూర్చుంటే కొనకుండా లేవరంట కదండీ?”

“ఎవరన్నారు?”

“ఊరంతా అంటారండి. అయ్యగారు పోయాక ఒక్క ఎకరం చేలో మెరక మట్టి తోలించి, ప్లాట్లేసి, ఇదంతా మీరొక్కరే నిలబెట్టారంట.”

“ఆ రోజులు వేరు. లక్షన్నర.”

“మజ్జిగ పుచ్చుకుంటారాండీ?”

“లక్షన్నరకి జవాబు మజ్జిగా?”

“ఎండగా ఉంది కదండీ.”

“నీ ఇబ్బందేంటో చెప్పు. డబ్బు కాదా?”

“నెత్తళ్ళు ఎక్కడ ఆరబోసుకోవాలండీ?”

“మా మేడ మీద ఆరబోసుకో.”

“మీ కోడళ్ళు ఊరుకుంటారాండీ?”

“వాళ్ళ సంగతి ఇప్పుడెందుకు?”

“ఊరికే అడిగానండి.”

“సరే. డబ్బు కాక, నరసాపురంలో శ్లాబిల్లు రాసిస్తాను.”

“శ్లాబింట్లో ఒక్కదాన్నీ ఏం చేస్తానండీ? ఇక్కడైతే ఆటోలాపి మరీ కొనుక్కెళ్తారు. పైగా పొద్దున్నే మీ మొహం చూస్తన్నాను.”

“నా మొహమా?”

“అదిగోనండి, మీ బోర్డు. ‘దేవకుమారి టౌన్‌షిప్’. మా పాక కంటే మీ బొమ్మే పెద్దది. కాకులు నా నెత్తళ్ళు ఎత్తుకెళ్ళి, మీ కొప్పు మీద కూర్చుని తింటన్నాయండి.”

“మా సుధాకర్ పెట్టించాడు. వద్దురా అంటే వినలేదు.”

“పెద్దబ్బాయిగారు మీ మాట వినరాండీ?”

“వింటాడు, వింటాడు. ఎందుకు వినడు? ఈ కాకులేంటే, ఇంతెండలోనూ ఇక్కడే తిరుగుతున్నాయి.”

“ఈ మధ్య ఆఫీసుకెళ్ళట్లేదంట కదండీ మీరు?”

“నడుం నొప్పి.”

“అయ్యో. ఇందాకట్నుంచీ మా కుక్కి మంచం మీదే కూర్చున్నారు కదండీ, పాపం.”

“నువ్వు చేపలమ్ముతున్నావా, ప్లీడరీ చేస్తున్నావా? ఇదిగో, ఇది పట్టుకో.”

“ఏంటండీ ఇది?”

“ఖాళీ చెక్కు. సంతకం పెట్టేశాను. అంకె ఎంత వేయించుకుంటావో నీ ఇష్టం.”

“ఎంతైనానాండీ?”

“ఎంతైనా. ఏం, రెండు వేళ్ళతో పట్టుకున్నావేంటి?”

“ఇలాంటిది ఎప్పుడు ముట్టుకున్నాను గనక. తీసేసుకోండమ్మా. చేపల చేతులు, వాసనొస్తది.”

“వద్దంటావా?”

“వద్దండి. ఈ చోటివ్వనండి. మీ మీద గౌరవం లేక కాదు.”

“ఇదే నీ ఆఖరి మాటా?”

“మొదటి మాటా అదే కదండీ. ఇంకో సంగతి చెప్తాను, కోప్పడకండి. అసలు ఆ చెక్కు మీద మీ సంతకం చెల్లదంట కదండీ?”

“ఎవరన్నారు?”

“టై బాబేనండి. అమ్మగారి సంతకం ఇప్పుడు శుభలేఖల మీదకేనమ్మా, బ్యాంకులో అబ్బాయిలిద్దరిదే నడుస్తుంది అన్నాడు. కోపమొచ్చిందాండీ? మజ్జిగ తెమ్మంటారా?”

“తే. ఉప్పు కాస్త ఎక్కువెయ్యి.”

“ఇదిగోనండి.”

“చెల్లదే. ఉగాది ముందు కాగితం తెచ్చారు. బీపీ ఉంది కదమ్మా, విశ్రాంతి తీసుకో అన్నారు. నా సంతకం తీసెయ్యడానికి నా చేతే సంతకం పెట్టించారు.”

“అయ్యో రామా. మరి చెల్లని చెక్కు నాకెందుకిచ్చారండీ? నేను తీసేసుకునుంటే?”

“నా పరువు పోయేది. నువ్వది పట్టుకున్నంతసేపూ, వెనక్కి లాక్కుందామా అనిపించింది.”

“మరి దేనికండీ ఇదంతా?”

“నువ్వు లొంగే మనిషివో కాదో తెలియాలి కదా. నాకే లొంగలేదంటే మావాళ్ళకి అసలు లొంగవు.”

“అంటే, మీరు కొనడానికి రాలేదాండీ?”

“అమ్మొద్దని చెప్పడానికొచ్చాను. రేపు మా అబ్బాయిలిద్దరూ వస్తారు. నీ చోటులోంచి రోడ్డు పడకపోతే వాళ్ళ ప్లాను పాసవ్వదు. ప్లాట్లకి అడ్వాన్సు కట్టినవాళ్ళు ఆఫీసు మెట్ల మీదే కూర్చుంటున్నారు. ఎంత ఇస్తామన్నా నువ్వు కదలకు.”

“మీ కంపెనీయే కదండీ? నష్టం మీకే కదా?”

“నష్టమేమీ లేదు. రోడ్డుకి ఆ మూల రెండు సెంట్లు చాలు. నీ పాకా, నీ నెత్తళ్ళూ ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. వాళ్ళు ఫౌంటెన్ పెడతామని మొత్తం ఎనిమిదీ గీసేసుకున్నారు.”

“ఫౌంటెనాండీ? వానాకాలం మా పాకలోనే వస్తాది కదండీ.”

“నన్నొక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని. అడగలేదు.”

“రెండు సెంట్లేనా? ముందే ఆ మాట చెప్తే...”

“చెప్తే అప్పుడే ఇచ్చేసేదానివి. ఇప్పుడే ఇవ్వకూడదు.”

“మరి రేపు వాళ్ళొస్తే ఏమనమంటారండీ?”

“మీ అమ్మగారొచ్చి అడిగితేనే ఇస్తాను, ఇంకెవరికీ ఇవ్వనని చెప్పు. అంతే. వాళ్ళే వస్తారు నా గదికి. అప్పుడు చెప్తాను, ముందు బ్యాంకుకి పదండిరా, నా సంతకం సంగతి తేల్చండి అని.”

“ఆయ్. అప్పుడు మీరు మళ్ళీ ఇక్కడికొస్తారు, అబ్బాయిలిద్దరూ చూస్తుండగా మీరడుగుతారు, నేను సరేనంటాను.”

“తొందరపడకు. నేనొచ్చినా, మొదటిసారికే సరేననకు.”