జంటసుడి మగగుర్రం

పలాస దగ్గర పెళ్లి ఊరేగింపులకి గుర్రాల్ని తిప్పే ఇల్లు రెండైపోయింది. చిన్నకోడలింటికి కొత్త మగగుర్రం దిగిందని విన్న దగ్గర్నుంచి పెద్దకోడలికి అన్నం సయించలేదు. పొద్దున్నే తన ఆడగుర్రాన్ని తోలుకొచ్చి జీడిచెట్టుకి కట్టింది.

“ఎదకొచ్చిందేటక్కా నీ గుర్రం?”

“లేదే, ఊరికే గాలికి తోలుకొచ్చినాను. నీ మగగుర్రం తాత ఐర్లాండు గుర్రమట గదా?”

“అవునక్కా. అడ్డాలు దూకే జాతి. అమ్మినోళ్లు మూడు తరాల ఫొటోలు ఫోన్‌లో పంపినారు.”

“మన ఇసకలో ఏటి దూకుద్ది, జీడితోట కంచెలా? పెళ్లికొడుకుని మొయ్యడానికి తాతెవరైతే ఏటి!”

“ఆ కాళ్లు సూడక్కా, ఎంత నిబ్బరమో.”

సూసింది. సూసేకొద్దీ కడుపు మండిపోయింది.

“కాళ్లు సరేనే, నుదుట జంటసుడి సూసుకోనేదేటి? కొన్నోళ్ల కొంపకి కీడు. మన మావ బతికుంటే ఇలాంటిదాన్ని గుమ్మం తొక్కనిచ్చునా?”

“మావ మాటే మాటక్కా. అయితే నీ గుర్రాన్ని బేగి తోలుకుపో. మా కీడు మీ ఇంటికెందుకు? నీ గుర్రం మీదికి దీన్ని దాటించనులే.”

పెద్దకోడలు గతుక్కుమంది.

“ఓలమ్మ, అంత కోపమేటే! సుడి కీడు కొనుక్కున్నోళ్లకే తగులుద్ది గానీ, దాని పిల్ల పుట్టినింటికి తగల్దే. ఎండెక్కిపోతంది, నీ గుర్రం తాడిప్పు.”