తోడల్లుడి కార్డు

మధ్యాహ్నం ప్రింటింగ్ ప్రెస్సులో మిషన్లు ఆపేశారు. రాత్రంతా నిద్రపట్టని యజమాని, లెక్కలు చూసే భార్య పక్కకి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నిన్న హోటల్లో చూశావా మీ అక్క మొగుణ్ణి? బిల్లు రాకముందే కార్డు తీసి విసనకర్రలా ఊపుతున్నాడు."

"మన భోజనం బిల్లు కూడా ఆయనే కట్టాడు కదండీ."

"కట్టడా మరి! ఖర్చుపెట్టిన దాంట్లో కొంత బ్యాంకు వెనక్కిస్తుందట. ఏడాదికి ఇరవై వేలొచ్చాయని నా చెవిలో ఊదిందే ఊదాడు. వ్యాపారస్తులకే ఇస్తారట ఆ కార్డు. నాది వ్యాపారం కాదా?"

"కాదని ఎవరన్నారు? పొద్దున్నే లెక్క వేశాను. మన కొనుగోళ్ళకి వెనక్కొచ్చేది పదివేలు. కార్డుకి ఏటా కట్టాల్సింది పన్నెండు వేలు. మనకి గిట్టదండీ."

"మరి ఆయనకెలా గిట్టింది? ఆయనదేమన్నా నాకంటే పెద్ద ప్రెస్సా?"

"మన కాగితం కూడా ఆయన కార్డు మీదే కొంటున్నాడుగా. మనం ఆయన చేతికి నగదిస్తాం. వెనక్కొచ్చేది ఆయన ఖాతాలో పడుతుంది."

"ఓరి నాయనో! సాయం చేస్తున్నాడనుకుని వచ్చినప్పుడల్లా మర్యాదలు చేస్తున్నానే!"

"బావగారినేం అనకండి. తెప్పించి పెట్టమని అడిగింది మీరే."

"సరేగానీ, మనమే కార్డు తీసుకుంటే మనకెంత నష్టం?"

"ఏడాదికి రెండు వేలు."

"ఆయనకి?"

"మన కాగితం పోతే ఆయనకొచ్చే ఇరవైలో పది తగ్గిపోతుంది. కార్డుకి కట్టాక ఆయనకీ రెండు వేలు చేతి నుంచే పోతాయి. అక్క నాతో మాట్లాడదు."

"మీ అక్కతో తర్వాత నేను మాట్లాడతాలే. ఆ కార్డు దరఖాస్తు తెప్పించి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు."