డిస్కు నిండా దవడలే

మధ్యాహ్నం పన్నెండు. కట్టుడు పళ్ళు తయారుచేసే చిన్న గది. కంప్యూటరు ముందు చెల్లెలు. ఆమె వెనకాల, చేతులకంటిన తెల్లపొడి దులుపుకుంటూ అన్నయ్య.

“...కాదన్నయ్యా, అసలు నీకు ఏదన్నా పారేసే అలవాటుందా అని అడుగుతున్నా.”

“ఎందుకు లేదూ? అన్నీ ఎప్పటికప్పుడు తీసేస్తూనే ఉంటా.”

“తీసేసి ఎక్కడ పెట్టావు?”

“తీసేశాక పెట్టడమేంటి?”

“ఇదిగో, ఈ చెత్తబుట్టలో పద్దెనిమిది వేల ఫైళ్ళున్నాయి. ఇల్లు ఊడ్చి చెత్తంతా మంచం కిందకి తోసినట్టుంది.”

“అది కూడా మనమే ఖాళీ చెయ్యాలా?”

“మహానుభావా! బళ్ళో నా దగ్గర కంప్యూటరు నేర్చుకునే ఆరో తరగతి పిల్లలు నీకంటే నయం. చెయ్యనా?”

“చెయ్, తొందరగా చెయ్. ఆ కండక్టరు ముందుపళ్ళు రేపు పొద్దున్నకల్లా ఇవ్వాలి. పళ్ళు లేక ఈల వెయ్యలేకపోతున్నాట్ట. బస్సాపాలంటే రేకు మీద దబదబా బాదుతున్నాడు. డిజైను చేద్దామంటే ఇది తెరుచుకోదే! చోటు లేదు, చోటు లేదు అని ఒకటే గోల.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“మూడు వారాలయింది. దవడపళ్ళయితే మైనంతో చేత్తోనే చెక్కి నెట్టుకొచ్చా. ముందుపళ్ళకి అలా కుదరదు.”

“మూడు వారాలా! ఒక్క ఫోన్ కొడితే వచ్చేదాన్నిగా. సరే, మొదలైంది. పదిహేను నిమిషాలు పడుతుందంటోంది. ఈలోగా మిగతావి చూద్దాం. ఈ కేటలాగు ఒక్కటే పదకొండుసార్లుంది, ఎందుకు?”

“ఎక్కడ పెట్టానో కనపడక, కావాల్సినప్పుడల్లా మళ్ళీ దింపుకున్నా.”

“పదకొండుసార్లూ కనపళ్ళేదా?”

“పన్నెండోసారి కనపడింది.”

“పోనీలే. మరి ఇవేంటి, ఇన్నిన్ని?”

“క్లినిక్కుల వాళ్ళు పంపే స్కాన్లు. ఒక్కో మనిషికి పైదవడ, కిందిదవడ.”

“పని అయిపోయినవాళ్ళవి కూడానా?”

“మళ్ళీ విరగ్గొట్టుకుని వస్తే?”

“ఈయన?”

“సీసా మూతలు పళ్ళతో తీస్తాడు. తప్పకుండా వస్తాడు.”

“ఈవిడ?”

“ఆవిడ పోయారు.”

“పోయినావిడ పళ్ళెందుకన్నయ్యా?”

“నా చేతుల మీదుగా అంత చక్కగా కుదిరిన సెట్టు ఇంకోటి లేదే. ఉండనీ.”

“ఉండనిద్దాం, కానీ ఇక్కడొద్దు. ఈ బయటి డిస్కులోకి మారుస్తా. నీ దవడలూ పోవు, కంప్యూటరూ ఊపిరి పీల్చుకుంటుంది... ఇదేంటి? ‘డాక్టరుగారు’ అని?”

“అదా? అది... మన వీధి చివర క్లినిక్కు డాక్టరుగారిది. రెండేళ్ళుగా పని పంపిస్తున్నారు కదా.”

“క్లినిక్కు పనంతా వేరే ఉంది. ఇది ఆవిడ సొంత పన్ను. ఒక్క పన్నుకి ఇరవయ్యారు డిజైన్లా?”

“ఆవిడ కరిచే తీరు కొంచెం తేడా.”

“నిన్నెప్పుడు కరిచారు?”

“ఏయ్! పైపన్నూ కిందిపన్నూ కలిసే తీరంటున్నా.”

“నేనూ కలిసే తీరే అంటున్నా. నా పన్నుకి ఎన్ని డిజైన్లు చేశావేం?”

“నీకా... ఒకటి.”

“అదీ గుచ్చుకుంటోంది. తోడబుట్టినదానికి ఒకటి, డాక్టరుగారికి ఇరవయ్యారు!”

“నీది గట్టి నోరు. ఏదైనా సర్దుకుంటుంది.”

“మాట మార్చకు. ఆవిడ ఒంటిగా ఉంటున్నారు, నీకూ నలభై దగ్గరపడుతున్నాయి. ఆవిడ మాటెత్తగానే చెవులెందుకు ఎర్రబడ్డాయి?”

“పొడి పడింది.”

“చెవుల్లోనా?”

“నువ్వు పని చూడవే. ఆ మెయిల్ జోలికి మాత్రం పోకు.”

“నేను మెయిల్ తెరవలేదే.”

“తెరిచావన్నానా? పోకన్నా.”

“ఎందుకు పోకూడదు?”

“ఎందుకేంటి, అందులో పెద్దగా ఏం లేదు. ఒక్కటే ఉంది, అదీ చిన్నది.”

“ఏది ఒక్కటే?”

“ఏదీ లేదు.”

“ఒకటుందన్నావు, ఇంతలోనే లేదంటున్నావు... ఆగాగు, చెత్తబుట్ట ఖాళీ అయిపోయింది! చూడు, ఎర్రగీత పోయి నీలం వచ్చింది. నూట పది గిగాలు! ఇంక నీ కండక్టరు హాయిగా ఈలేసుకోవచ్చు... ఆ టింగు ఏంటి?”

“ఏ టింగు?”

“మెయిల్లోంచి. ‘మీ ఉత్తరం వెళ్ళింది’ అంటోంది. చోటు లేక మూడు వారాలుగా ఆగిపోయి ఉందట. డాక్టరుగారికి! అన్నయ్యా!”

“వెనక్కి లాగు.”

“ఏంటి లాగేది?”

“లాగవే! నువ్వు టీచరువి కదా!”

“టీచర్నే, మంత్రగత్తెను కాను. అయినా ఎందుకంత కంగారు? ప్రేమలేఖ చేరాల్సిన చోటికి చేరింది. నాకో మంచి చీర కొనిపెట్టు.”

“ప్రేమలేఖ కాదే.”

“మరి?”

“ఇకమీదట మీ క్లినిక్కు పని చెయ్యలేను, ఇంకెవరినన్నా చూసుకోండి అని రాశా.”

“ఏంటీ?”

“రెండు ముక్కలే. అంతే.”

“నీకొచ్చే పనిలో సగం ఆవిడ పంపేదేగా! బుద్ధుందా?”

“ఆవిడ ఫోన్ చేస్తే చెయ్యి వణుకుతోందే. పళ్ళు చెక్కే చెయ్యి! ఎవరిదో కోరపన్ను రెండుసార్లు పాడుచేశా. మన సంగతి మనకి తెలీదా? ఆవిడ పెద్ద డాక్టరు, నేను వెనకగదిలో పొడి రాలుస్తూ కూర్చునేవాణ్ణి. దూరంగా ఉంటే చెయ్యన్నా నిలబడుతుందని రాసి నొక్కేశా. అది కదల్లేదు. చోటు లేదంది.”

“అప్పుడే తీసిపారెయ్యాల్సింది.”

“తీసేస్తే పిరికివాణ్ణి అయిపోతాననిపించింది. మళ్ళీ నొక్కడానికి ప్రాణం ఒప్పలేదు. అదీ అక్కడే పడి ఉంది, నేనూ ఇక్కడే పడి ఉన్నా.”

“అందుకేనా ఇన్నాళ్ళూ నన్ను పిలవంది?”

“మైనంతో కూడా బాగానే వస్తాయిలే అనుకున్నా...”

“అయ్యో అన్నయ్యా. తెలీక ఆటపట్టించా. ఉండు, ఇప్పుడే ఇంకోటి పంపుదాం. నువ్వు చెప్పు, నేను టైపు చేస్తా.”

“‘అయ్యా...’”

“ఆవిడకి అయ్యా ఏంటి!”

“‘డాక్టరుగారికి నమస్కారం. ఇందాకటి ఉత్తరం పొరపాటున వచ్చింది. దయచేసి చదవకండి...’”

“చదవకండి అంటే ముందు అదే చదువుతారు.”

“అయితే ‘చదివినా చదవనట్టే...’ మళ్ళీ ఆ టింగేంటే?”

“జవాబు.”

“అప్పుడేనా! చదవకు. కాదు, చదువు. పైకొద్దు, లోపల చదువుకో.”

“ఊఁ...”

“ఏమన్నారు? కోపంగా ఉన్నారా?”

“ముందా స్టూలు లాక్కుని కూర్చో. పైకే చదువుతా. ‘చాలా సంతోషం. నేను పనిచ్చే మనిషిని పెళ్ళి మాట అడిగితే, కాదనలేక ఔనంటారేమోనని రెండేళ్ళుగా నోరు మూసుకుని ఉన్నాను. ఇప్పుడా ఇబ్బంది లేదు. సాయంత్రం ఆరింటికి మీ ఇంటికి రావచ్చా?’”