కోటు మీది నెత్తురు

మాదన్నపేటలో ఒక తల్లి, హౌస్ సర్జన్ చేస్తున్న కూతురి తెల్లకోటును ఉప్పునీళ్లలో ముంచబోయి ఆగి, కూతురి వైపు తిరిగింది.

“ఈ నెత్తురు నీదేనా బిడ్డా?”

“కాదమ్మా.”

“బతికించినవు దేవుడా!”

“పేషెంట్ కొడుకు నా జుట్టు పట్టి గోడకేసి కొట్టిండు. సెలైన్ స్టాండ్‌తోని వాని నెత్తి పగలగొట్టిన.”

“అయ్యో! సచ్చిండా?”

“లేదు. నేనే కుట్లేసిన. చెయ్యి జరంత గూడ వణకలే. ఇంకోటి కొట్టాలనిపించింది. మా కాలేజీల డాక్టర్లకు కౌన్సెలింగ్ ఉంది, పోత.”

“వద్దే! పిచ్చిదంటరు, చదువు ఆపేస్తరు!”

“పోకుంటే ఈసారి సంపేస్తనమ్మా.”

తల్లి తడిచేతులు కొంగుకు తుడుచుకుని దువ్వెన అందుకుంది.

“కూసో. ఎవని చేతికీ దొరకకుంట గట్టిగ ముడేస్త. ఇద్దరం పోదాం.”